అక్క చంకలోంచి అంగన్‌వాడీ దాకా

ఊళ్ళో మూడేళ్ళ పిల్లలను కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పే ఆమెను ఏమని పిలవాలి? చిన్న ప్రశ్నే. కానీ జవాబు మాత్రం అరవయ్యేళ్ళుగా మారుతూనే ఉంది. 1960ల్లో ఆమె బాలసేవిక. 1975 తర్వాత అంగన్‌వాడీ కార్యకర్త. 2017 నుంచి తెలంగాణలో అంగన్‌వాడీ టీచర్. మా మొయినాబాద్, చేవెళ్ళ మండలాల్లో పిల్లలు ఈ కాగితాలేవీ చూడలేదు. వాళ్ళకు ఆమె కొన్ని ఊళ్ళలో "అక్క", కొన్ని ఊళ్ళలో "మేడం", చాలా ఊళ్ళలో "అంగన్‌వాడీ అక్క".

పేరుదేముంది అనుకోవడానికి లేదు. సేవిక అంటే సేవ చేసేది. సేవకు జీతం అడగకూడదు. కార్యకర్త అంటే తనంతట తాను ముందుకొచ్చి పనిచేసేది. ఆమెకు ఇచ్చేది వేతనం కాదు, గౌరవ వేతనం. టీచర్ అంటే ఆ పనికి ఒక చదువుండాలి, శిక్షణ ఉండాలి, ఆ శిక్షణకు తగ్గ జీతముండాలి. కాబట్టి పేరు మారినప్పుడల్లా అడగాల్సింది ఒకటే. చిన్నపిల్లలకు చదువు చెప్పడం నేర్చుకోవాల్సిన విద్య అని ఒప్పుకుంటున్నారా, లేక ఆడదానికి పుట్టుకతో వచ్చిన గుణమేనంటున్నారా? ఆ శిక్షణ పొంది, కొన్నేళ్ళు ఆ పని చేసి, తర్వాత మరికొందరికి నేర్పినదాన్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు పుస్తకాల ప్రశ్న కాదు.

ముందు మా ప్రాంతం గురించి చెప్పాలి. హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల నీడన పడమటికి వస్తే మొదట మొయినాబాద్, ఆ తర్వాత చేవెళ్ళ. మొయినాబాద్‌కు ఒకవైపు 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్, ఇంకోవైపు 1927లో కట్టిన హిమాయత్‌సాగర్. నగరానికి నీళ్ళిచ్చినట్టే ఈ ఊళ్ళు నగరానికి కూరగాయలిచ్చాయి, పూలిచ్చాయి. చామంతి, గులాబీ తెల్లారేసరికి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరాలంటే చీకటితోనే కోతకు పోవాలి. కోసేది ఆడవాళ్ళు. తల్లి ఇంట్లోంచి బయటపడేసరికి పసిపిల్ల ఇంకా నిద్రలోనే ఉంటుంది. ఆ పిల్ల లేచాక ఎత్తుకునేది ఎవరు? ఎనిమిదేళ్ళ అక్క.

1996లో 111 జీవో వచ్చింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో పరిశ్రమలూ పెద్ద కట్టడాలూ వద్దంది. ఫ్యాక్టరీలు రాలేదు గానీ ఫామ్‌హౌసులు వచ్చాయి. భూమి చేతులు మారింది. నిన్నటిదాకా తన మడిలో కలుపు తీసుకున్న ఆమె ఇవాళ ఎవరి తోటలోనో గడ్డి కోస్తోంది, ఎవరి ఫంక్షన్‌లోనో అంట్లు తోముతోంది. తన పొలమైతే బిడ్డను చెట్టుకింద పడుకోబెట్టుకునేది. గేటుకు వాచ్‌మన్ ఉన్నచోట అదీ లేదు. తల్లి పని మారినా అక్క పని మాత్రం మారలేదు.

అక్క చేసే ఈ పనిని మనం పని అనలేదు. "తమ్ముణ్ణి ఆడిస్తోంది" అన్నాం. ఆట తమ్ముడిది, ఆడించడం అక్కది. ఆ రెంటికీ మధ్య తేడాను గుర్తుపట్టడానికి పెద్ద పెద్ద పథకాలకు కూడా చాలాకాలం పట్టింది. చిన్నపిల్లల చదువు చరిత్రను ఎక్కడ మొదలుపెట్టినా నాకు ఆ అక్కే కనిపిస్తుంది.

ఐరోపాలో ఈ చరిత్రను ఫ్రెడరిక్ ఫ్రోబెల్‌తో మొదలుపెడతారు. 1837లో జర్మనీలో ఆయన చిన్నపిల్లల కోసం ఒక బడి తెరిచి, దానికి తర్వాత కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టాడు. పిల్లలకు ఆటే చదువు అన్నాడు. ఆ చదువు చెప్పడానికి ఆడవాళ్ళకు పద్ధతిగా శిక్షణ ఇవ్వాలన్నాడు. ఇంటి గడప దాటడానికి వేరే దారిలేని వేలమంది ఆడవాళ్ళకు అది ఒక ఉద్యోగం, ఒక గౌరవం అయింది. అయితే ఆయన మాటలోనే ఒక మెలిక ఉంది. ఆడవాళ్ళలో సహజంగా ఉన్న మాతృత్వమే ఈ పనికి పునాది అనీ అన్నాడు. ఒక చేత్తో శిక్షణ ఇచ్చి, ఇంకో చేత్తో అది శిక్షణతో వచ్చిందేమీ కాదని చెప్పడం అక్కడ మొదలైంది. ఇవాళ్టికీ ఆ రెండు చేతులూ అలాగే ఉన్నాయి.

మరియా మాంటిస్సోరీ ఇందుకు భిన్నంగా ఆలోచించింది. ఆమె డాక్టరు. 1907లో రోమ్ నగరంలో కూలీలుండే సాన్ లోరెంజో పేటలో పిల్లల ఇల్లు తెరిచింది. ఆమె దృష్టిలో టీచరుకు కావలసిన మొదటి గుణం ప్రేమ కాదు, పరిశీలన. పిల్లను చూడాలి, చూసింది రాసుకోవాలి, ఎప్పుడు పక్కకు తప్పుకోవాలో తెలియాలి. 1939లో ఆమె మద్రాసు అడయార్‌కు వచ్చి దివ్యజ్ఞాన సమాజంలో శిక్షణ తరగతులు మొదలుపెట్టింది. యుద్ధకాలంలో ఇటలీ దేశస్థురాలు కావడంతో ఈ దేశం వదిలి వెళ్ళలేకపోయింది. ఆ సంవత్సరాల్లో ఇక్కడ వందలమందికి శిక్షణ ఇచ్చింది. కానీ ఆమె పరికరాలు ఖరీదైనవి. మన దేశంలో మాంటిస్సోరీ పేరు చివరకు ఎవరి పిల్లల బడులకు అంటుకుందో అందరికీ తెలిసిందే.

ఆ ఖరీదైన పద్ధతిని మట్టినేల మీదకు దించిన వాళ్ళు గుజరాత్‌లో గిజుభాయి బధేకా, ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్. తారాబాయి 1945లో మహారాష్ట్ర తీరాన బోర్డీ గ్రామంలో పని మొదలుపెట్టింది. అనుతాయి వాఘ్ ఆమెకు తోడయింది. అంటరానివాళ్ళుగా దూరంపెట్టిన కుటుంబాల పిల్లలు బాలవాడికి రావడం లేదని చూసి, బాలవాడినే వాళ్ళ ముంగిట్లోకి తీసుకెళ్ళారు. అంగణం అంటే ముంగిలి. అంగన్‌వాడీ అన్న మాట అక్కడిది. గవ్వలు, గింజలు, ఆకులు, రాళ్ళు ఆమె పరికరాలయ్యాయి. 1957లో కొస్‌బాడ్ కొండకు, ఆదివాసుల మధ్యకు, పనిని మార్చారు. పెద్ద ఆడపిల్లలు బడికి రాకపోవడానికి కారణం చంకలో ఉన్న పసిపిల్లేనని గుర్తించి, శిశుగృహం, బాలవాడి, ప్రాథమిక బడి ఒకేచోట ఉండేలా వికాస్‌వాడి అన్న ఆలోచన చేశారు. అక్క, చెల్లి కలిసి వస్తారు, ఎవరి గదికి వాళ్ళు పోతారు. ఈ చరిత్రలో అక్కను లెక్కలోకి తీసుకున్న తొలివాళ్ళలో తారాబాయి ఒకరు. తర్వాత ప్రభుత్వం ఆమె పెట్టిన పేరును తీసుకుంది. ఆమె ఆలోచనలో సగాన్ని వదిలేసింది.

తెలుగు నేల మీద ఈ కథ దుర్గాబాయి దేశ్‌ముఖ్ లేకుండా సాగదు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే ఆ బంధాన్ని కాదనుకుని, జైళ్ళకు వెళ్ళివచ్చి, ఆలస్యంగా మెట్రిక్ చదివిన మనిషి ఆమె. తనలాగే చదువు మధ్యలో తెగిన ఆడపిల్లలను మద్రాసులో తన ఇంట్లో కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్‌కు చదివించింది. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభకు అదే మూలం. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలయింది. 1954 నుంచి మండలి గ్రామాల్లో సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు తెరిచింది. వాటిలో బాలవాడి ఒక ముఖ్యమైన భాగం.

అప్పుడే అసలు చిక్కు బయటపడింది. బాలవాడికి టీచరు కావాలి. ఊళ్ళో చదువుకున్న ఆడమనిషి లేదు. పట్నం నుంచి వచ్చిన అమ్మాయి ఊళ్ళో ఉండలేదు, ఉన్నా ఊరు ఆమెను ఉండనివ్వదు. దీనికి దుర్గాబాయి వెతికిన దారి ఆమె జీవితంలోంచే వచ్చింది. చదువు ఆగిపోయిన పెద్ద వయసు ఆడవాళ్ళకు, వితంతువులకు, భర్త వదిలేసిన వాళ్ళకు రెండేళ్ళలో మెట్రిక్ దాకా చదివించే సంక్షిప్త కోర్సులను 1958లో మండలి మొదలుపెట్టింది. అక్కడి నుంచి వాళ్ళు గ్రామసేవికలు, నర్సులు, బాలసేవికలు, టీచర్లు కావాలి. సంక్షిప్త కోర్సు అంటే చదువును కుదించడం కాదు. పోయిన కాలాన్ని తిరిగి ఇవ్వడం. ఈ మాటను గుర్తుపెట్టుకోవాలి. ముప్పయ్యేళ్ళ తర్వాత మా చేవెళ్ళలో ఇదే ఆలోచన వేరే రూపంలో వచ్చింది.

1960ల మొదట్లో భారతీయ బాలల సంక్షేమ మండలి బాలసేవికల శిక్షణ మొదలుపెట్టినప్పుడు అది దాదాపు ఏడాదిపాటు సాగే కోర్సు. పిల్లల ఎదుగుదల, ఆటలు, కథలు, ఆరోగ్యం, ఊరితో మాట్లాడే పద్ధతి, వీటన్నిటికీ సమయముండేది. బాలసేవికకు వచ్చే డబ్బు తక్కువే. కానీ చిన్నపిల్లల పని నేర్చుకోవడానికి ఏడాది కావాలని కనీసం ఒప్పుకున్నారు.

1970ల మొదట్లో మీనా స్వామినాథన్ అధ్యక్షతన బడిఈడు రాని పిల్లల మీద ఒక అధ్యయన బృందం పనిచేసింది. ఆ ఆలోచనలూ, 1974 జాతీయ బాలల విధానమూ కలిసి 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకానికి, అంటే మనమంతా ఐసీడీఎస్ అనే పథకానికి, దారితీశాయి. దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. మన రాష్ట్రంలో అనంతపురం జిల్లా కంబదూరు తొలి ప్రాజెక్టుల్లో ఒకటి. అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, పూర్వ ప్రాథమిక విద్య, ఇలా మొత్తం ఆరు సేవలు. ఆ ఆరింటినీ చేయాల్సింది ఒక్క మనిషి, ఆమెకు తోడుగా ఒక ఆయా. మెట్రిక్ పాసైన ఆమెకు నెలకు 150 రూపాయలు, పాసవనామెకు 100. దాని పేరు గౌరవ వేతనం. కేంద్రం తెరిచి ఉండేది రోజుకు కొద్దిగంటలు. చదువు మూడేళ్ళు దాటిన పిల్లలకే. మూడేళ్ళ లోపు పిల్ల తూకానికి, టీకాకు, పిండి పొట్లానికి వస్తుంది గానీ పగలంతా ఉండడానికి కాదు. ఆ పిల్ల మళ్ళీ అక్క చంకలోకే పోయింది.

నేను 1990ల మొదట్లో శిక్షణకు వెళ్ళాను. ఎక్కడన్నది ఇక్కడ అనవసరం. అప్పటికి కోర్సు మూడు నెలలు. మా బ్యాచ్‌లో పదో తరగతి తప్పినవాళ్ళున్నారు, ఇంటర్ పాసైనవాళ్ళున్నారు, ఒంటరి ఆడవాళ్ళున్నారు. ఊరు దాటి రాత్రి బయట ఉండడం చాలామందికి అదే మొదటిసారి. ఓఆర్ఎస్ కలపడం, ఎదుగుదల చార్టులో చుక్క పెట్టడం, టీకాల పట్టిక, రిజిస్టర్లు, ఇవన్నీ తొందరగానే వచ్చాయి. కష్టమైంది పిల్లను చూడడం.

ఒక అభ్యాసం ఉండేది. ఒక్క పిల్లను ఎంచుకుని పదిహేను నిమిషాలు కదలకుండా చూడాలి. కంటికి కనిపించింది మాత్రమే రాయాలి. "అల్లరిది", "మంచిది", "మొండిది" అని రాస్తే మాకు నేర్పే మేడం ఎర్రసిరాతో కొట్టేసేది. "మొండితనం నీకెక్కడ కనిపించింది? చెయ్యి కనిపించిందా, కాలు కనిపించిందా, అది రాయి" అనేది. బిడ్డలను కన్న తల్లులు, తమ్ముళ్ళను పెంచిన అక్కలు అక్కడ కూర్చుని ఒక పిల్లను మొదటిసారి చూస్తున్నట్టు చూడడం నేర్చుకున్నారు. ఎంతమందిని పెంచినా ఆ చూపు దానంతటదే రాదు. పెంచేటప్పుడు పొయ్యి మీద అన్నం ఉంటుంది, బయట పిలుస్తుంటారు. చూడడానికి తీరికెక్కడిది?

చింతగింజల పాఠం ఇంకొకటి. ఐదు గింజలు దగ్గరదగ్గరగా ఒక వరస. ఇంకో ఐదు ఎడమెడంగా మరో వరస. నాలుగేళ్ళ పిల్లను ఏ వరసలో ఎక్కువున్నాయని అడిగితే ఎడమెడంగా ఉన్నదే చూపిస్తుంది. లెక్కపెట్టించి మళ్ళీ అడిగినా అదే చూపిస్తుంది. ఆ పిల్లకు తెలివి లేక కాదు, ఆ వయసు ఆలోచన అట్లాగే ఉంటుంది. ఈ సంగతి తెలియని మనిషి చేతిలో ఆ పిల్ల దెబ్బలు తింటుంది. తెలిసిన మనిషి గింజలను ఇంకో పదిరోజులు ఆడుకోనిస్తుంది. పలక పట్టేముందు మట్టి పిసకాలి, పూసలు గుచ్చాలి, ముగ్గుపిండి వేళ్ళ మధ్య జారాలి, అప్పుడే వేళ్ళకు బలం వస్తుంది. ఇవన్నీ తల్లిపాలతో వచ్చిన తెలివి కాదు. ఎవరో ఏళ్ళకేళ్ళు పిల్లలను చూసి, రాసి, పోల్చి కూడబెట్టిన విద్య.

ఆ శిక్షణ కేంద్రంలోనే ఇంకొకటి చూశాను. పాలు తాగే బిడ్డలున్న వాళ్ళు ముగ్గురు నలుగురు ఉన్నారు. అక్కడ పిల్లలను పెట్టుకునే గది లేదు. ఒకామె తన బిడ్డతోపాటు పెద్ద కూతురినీ వెంట తెచ్చుకుంది. మేము లోపల శిశువికాసం గురించి నోట్స్ రాసుకుంటుంటే ఆ పిల్ల వరండాలో చెల్లెను భుజాన వేసుకుని తిరుగుతుండేది. మూడో తరగతి పిల్ల. మూడు నెలలు బడి లేదు. పిల్లల టీచరును తయారుచేయడానికి ఒక పిల్ల బడి మానేసింది. ఎవరికీ అది వింతగా తోచలేదు. అది కుటుంబం సంగతి, శిక్షణ సంగతి కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా జిల్లాలో ఒక వాదన మొదలైంది. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరున 1981లో ఏర్పడిన ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో బాలకార్మికుల మీద పని మొదలుపెట్టింది. ఆయన మనవరాలు శాంతా సిన్హా దానికి ముందు నిలిచింది. వాళ్ళ వాదనలో కీలకమైన ముక్క ఒకటే. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే. బీడీలు చుట్టే పిల్ల, జీతానికి కుదిరిన పిల్లవాడు మాత్రమే కాదు, ఇంట్లో వంట చేసే పిల్ల, చెల్లెను ఎత్తుకునే పిల్ల కూడా. అంతవరకు ప్రభుత్వ లెక్కల్లో ఆడపిల్ల చేసే ఇంటిపని పని కానే కాదు. ఆమె అటు బడి పట్టికలోనూ లేదు, ఇటు కూలీల పట్టికలోనూ లేదు. ఈ వాదన ఆమెను లెక్కలోకి తెచ్చింది.

చేవెళ్ళ మండలం ఆలూరులో ఆడపిల్లల కోసం క్యాంపు నడిచింది. బ్రిడ్జి కోర్సు అనేవాళ్ళు. పదేళ్ళు, పన్నెండేళ్ళు వచ్చినా అక్షరం ముట్టని పిల్లలు అక్కడ ఉండి చదువుకుని, తమ ఈడుకు తగిన తరగతిలో చేరేవాళ్ళు. 1958 నాటి దుర్గాబాయి సంక్షిప్త కోర్సుకు ఇది చెల్లెలే. అక్కడా ఇక్కడా సూత్రం ఒకటే. చదువు తెగిపోవడం ఆ పిల్ల తప్పు కాదు, తిరిగి అతికించడం సమాజం బాధ్యత. ఈ పనికి శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలయింది.

కానీ పెద్ద పిల్ల క్యాంపుకు వెళ్ళిన మరునాడు పొద్దున ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? చిన్నది ఎవరి దగ్గర ఉంటుంది? అక్కను బడికి పంపే ఉద్యమానికి చెల్లెకు ఒక చోటు, ఆ చోట్లో ఒక టీచరు ఉంటేనే బలం. అందుకే అంగన్‌వాడీ టీచరు శిక్షణ నా దృష్టిలో ఒక్క పూర్వ ప్రాథమిక విద్య సంగతే కాదు. పూలతోటకు పోయే తల్లి కూలీ, బడికి పోవలసిన అక్క చదువు, ఐదేళ్ళలోపు పిల్ల ఎదుగుదల, ఈ మూడూ ఆమె చేతిలో ఉన్నాయి. ఆమె ఎంత బాగా నేర్చుకుంటే ఈ ముగ్గురూ అంత నిలబడతారు.

ఇంత బరువు మోసే మనిషి శిక్షణ పెరగాలి కదా. జరిగింది అది కాదు. 1960ల్లో దాదాపు ఏడాది ఉన్నది ఐసీడీఎస్‌లో కొద్ది నెలలైంది. 1999లో ప్రపంచబ్యాంకు సాయంతో ఉదిశ అనే శిక్షణ కార్యక్రమం వచ్చాక కోర్సు రోజుల లెక్కకు దిగింది. తర్వాత అది 26 పనిదినాల దగ్గరకు చేరింది. ఆ 26 రోజుల్లోనే ఆరు సేవలూ, రిజిస్టర్లూ, పిల్లలూ ఇమడాలి. నేను శిక్షణ ఇచ్చే వైపు కూర్చున్నప్పుడు, పదిహేను నిమిషాల పరిశీలన అభ్యాసానికి టైంటేబుల్‌లో ఒక్క పూట దొరికితే గొప్ప.

ఇటు శిక్షణ తగ్గుతుంటే అటు పని పెరిగింది. సుప్రీంకోర్టు 2001లో, 2006లో ఇచ్చిన ఆదేశాలతో కేంద్రాలు ప్రతి వాడకూ రావాల్సి వచ్చింది. అది మంచిదే. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే ఒక పూట భోజనం. అదీ మంచిదే. దానికితోడు ఓటర్ల జాబితాలు, సర్వేలు, 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్. ఒక్కొక్కటీ అవసరమైనదే కావచ్చు. అన్నీ కలిసి తినేసింది మాత్రం పిల్లలతో కూర్చునే గంటను. ఏ అధికారి వచ్చినా గుడ్లు ఎన్ని వచ్చాయని అడుగుతారు, తూకాలు ఎక్కించారా అని అడుగుతారు. నిన్న ఏ కథ చెప్పావని అడిగినవాళ్ళను నేను చూడలేదు.

అడగనిది మెల్లగా ఆగిపోతుంది. ఆ ఖాళీలోకి కాన్వెంటు వ్యాను వచ్చింది. మొయినాబాద్, చేవెళ్ళ ఊళ్ళలో మూడేళ్ళ పిల్ల మెడలో టై కట్టుకుని వ్యాను ఎక్కుతోంది. నాలుగేళ్ళకే ఏబీసీడీలు నాలుగు గీతల మధ్య రాయాలి. ఆ కాన్వెంటులో టీచరు ఎవరు? చాలాచోట్ల అదే ఊరి అమ్మాయి, ఇంటరో డిగ్రీయో పాసై, ఏ శిక్షణా లేకుండా కొద్దిపాటి జీతానికి చేరినామె. అంటే డబ్బులిచ్చి కొనుక్కున్న చోట కూడా నమ్మకం అదే. చిన్నపిల్లలే కదా, ఆడపిల్ల అయితే చాలు.

శిక్షణ లోపం మొదట బయటపడేది భాషలో. పుస్తకంలో బొమ్మ కింద మొక్కజొన్న అని ఉంటుంది, పిల్ల మక్క అంటుంది. గోంగూర అని ఉంటే పుంటికూర అంటుంది. వేరుశనగను పల్లి అంటుంది. తండా పిల్ల లంబాడీలో, మసీదు గల్లీ పిల్ల ఉర్దూలో జవాబు చెబుతుంది. శిక్షణ లేని చోట ఇవన్నీ తప్పులు. "అట్ల అనొద్దు" అంటే చాలు, ఆ పిల్ల ఇక నోరు తెరవదు. మూడేళ్ళకే నీ అమ్మ మాట తప్పని తెలుసుకున్న పిల్ల పదమూడేళ్ళకు బడి వదిలేస్తే మనం పేదరికం అని రాసుకుంటాం. శిక్షణ పొందిన ఆమె ముందు పిల్ల మాటను తాను పలుకుతుంది, తర్వాత పుస్తకం మాటను దాని పక్కన పెడుతుంది. ఆ ఒక్క క్షణంలో చేసే పని చూడడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ దాని వెనుక చాలా చదువుంది.

జీతం దగ్గరకు వస్తే ఈ వాదన కోర్టుల దాకా వెళ్ళింది. 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలది ప్రభుత్వ పదవి కాదని చెప్పింది. 2018లో కేంద్రం తన వాటా గౌరవ వేతనాన్ని 3,000 నుంచి 4,500 రూపాయలకు పెంచింది. రాష్ట్రం వాటాతో కలిపి తెలంగాణలో అది 2017లో 10,500, 2021 సవరణతో 13,650 రూపాయలైంది. 2022 ఏప్రిల్‌లో మణిబెన్ కేసులో సుప్రీంకోర్టు వీళ్ళకు గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పులో నాకు ముఖ్యమనిపించింది డబ్బు కాదు, కారణం. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు అంగన్‌వాడీలో జరిగేది విద్యాబోధన అనీ, ఆ బోధన చేసేది వీళ్ళేననీ కోర్టు అన్నది. సేవిక, కార్యకర్త అన్న మాటల చాటున నలభై ఏడేళ్ళుగా దాచిన సంగతి అది. ఆ తర్వాత కూడా 2023 సెప్టెంబరులో తెలంగాణ అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు వారాల తరబడి సమ్మె చేయాల్సి వచ్చింది. కనీస వేతనం, గ్రాట్యుటీ, ఉద్యోగ భద్రత అడిగారు. టీచర్ అన్న పేరు అప్పటికి ఆరేళ్ళ నాడే వచ్చింది. పేరు ఉచితంగా వచ్చింది.

2020 జాతీయ విద్యావిధానం మొదటిసారి ఈ లోటును సూటిగా ఒప్పుకుంది. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ చదివినవాళ్ళకు ఏడాది డిప్లొమా ఇవ్వాలంది. ఏడాది అన్న మాట వినగానే నాకు బాలసేవికలు గుర్తొచ్చారు. అరవయ్యేళ్ళు తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చాం. కానీ 2023లో పోషణ్ భీ పఢాయీ భీ పేరుతో మొదలైన శిక్షణ చాలావరకు మూడు రోజులది. మూడు రోజులు ఏమీ లేకపోవడం కంటే మేలు. ఏడాది కింద జమకట్టడానికి మాత్రం కుదరదు. 2025-26లో తెలంగాణ ప్రభుత్వం కొన్ని ప్రభుత్వ బడుల్లో పూర్వ ప్రాథమిక తరగతులు తెరిచింది. తమ పిల్లలు అటు పోతే తమ గతేమిటని అంగన్‌వాడీ టీచర్లు రోడ్డెక్కారు. వాళ్ళకే పూర్తి శిక్షణ ఇచ్చి ఉంటే ఈ రెండు చోట్లా వాళ్ళే టీచర్లు అయ్యేవాళ్ళు.

కాబట్టి అడగాల్సినవి ఎక్కువేమీ లేవు. కాగితం మీద రాసిన ఆరు నెలలూ, ఏడాదీ నిజంగా ఇవ్వాలి, ఆ కాలానికి జీతంతో సహా. శిక్షణ జరిగే ప్రతిచోటా శిక్షణకు వచ్చినవాళ్ళ బిడ్డలకు ఒక గది, ఒక మనిషి ఉండాలి. 2022లో ప్రకటించిన పాల్నా పథకం కింద అంగన్‌వాడీకి శిశుగృహాన్ని చేర్చవచ్చు. అది పూలు కోసే ఊళ్ళలో మొదట రావాలి, కోత మొదలయ్యే వేళకు తెరిచి ఉండాలి. రిజిస్టర్ల పనికి ఇంకొకరిని పెట్టి పిల్లలతో కూర్చునే గంటలను టీచరుకు తిరిగి ఇవ్వాలి. శిక్షణ పొందిన ఆమెకు శిక్షణ పొందిన టీచరు జీతం ఇవ్వాలి.

ఇవన్నీ అయ్యే పనులేనా అంటే, తారాబాయి చింతగింజలతో, గవ్వలతో చేసి చూపించింది. దుర్గాబాయి తన ఇంట్లో చేసి చూపించింది. ఆలూరులో చేసి చూపించారు. ఆడవాళ్ళకు పిల్లల పని పుట్టుకతో వస్తుందన్న మాట ఒక్కటే దీనికి అడ్డం. ఆ మాట పొగడ్తలాగా వినిపిస్తుంది. లెక్క కడితే అది శిక్షణలో మిగిల్చుకున్న నెలలు, జీతంలో మిగిల్చుకున్న రూపాయలు. ఆ మిగులు ఇప్పటిదాకా కట్టింది ఎవరంటే చెల్లెను చంకనేసుకుని బడి ముందునుంచి నడిచిపోయిన ఆ అక్క.